అన్నం తిన్నావా అని అడిగాక ఇంకేం అడుగుతున్నాం?

(అక్టోబర్ 1, అంతర్జాతీయ వృద్ధుల దినోత్సవం నాడు తెనాలిలో జరిగిన ఒక చిన్న సమావేశంలో, ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైన ఒకావిడ మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినబడుతోందా? వినబడకపోతే చెయ్యెత్తండి, మొహమాటపడకండి. ఊరికే అడగటం లేదు. ఇవాళ నేను చెప్పబోయేదాంట్లో చాలాభాగం ఈ వినబడటం దగ్గరికే వస్తుంది.

ముందు మిమ్మల్నే ఒకటి అడుగుతాను. మీ ఇళ్లల్లో అమ్మో, నాన్నో, అత్తగారో, మామగారో ఉన్నారు కదా. నిన్న పొద్దున్న లేచిన దగ్గర్నుంచి రాత్రి దాకా వాళ్లను మీరు ఏమేం అడిగారు? ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఆ అమ్మాయి చెప్తోంది, "అన్నం తిన్నావా". సరే. ఇంకా? "బీపీ బిళ్ల వేసుకున్నావా". ఇంకా? "నిద్ర పట్టిందా". ఇంకేమైనా అడిగారా? ఎవరైనా సరే, ఈ మూడూ కాకుండా ఇంకొకటి అడిగినవాళ్లున్నారా?

చూశారా, హాలంతా నిశ్శబ్దమైపోయింది. మిమ్మల్ని తప్పు పట్టడానికి అడగలేదమ్మా. ఆ మూడూ అడగాల్సినవే. ముప్పై రెండేళ్లు వార్డులో నేనూ అవే అడిగాను. కానీ వార్డులో మనిషి వారం ఉంటారు. ఇంట్లో పదిహేనేళ్లు, ఇరవయ్యేళ్లు ఉంటారు. ఇరవయ్యేళ్లు ఒక మనిషిని తిండి, మందు, నిద్ర, ఈ మూడే అడుగుతూ ఉంటే ఆ మనిషి బుర్రకు పనేముంటుంది?

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పటం లేదు. మా అత్తయ్య విషయంలో నేను చేసిన పొరపాటు చెప్తున్నాను. ఆమె ఇప్పుడు లేరు. డెబ్బై నాలుగో ఏట బావి పళ్లెంలో జారి పడ్డారు, తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది, నడక వచ్చింది. ఇంటికి తీసుకొచ్చాక మేమందరం ఏం చేశామో చెప్పనా? ప్రేమగా, చాలా ప్రేమగా, ఆమె పనులన్నీ లాగేసుకున్నాం. "మీరు కూర్చోండి అత్తయ్యా, నేను చూసుకుంటాను." పాలవాడి లెక్క మా ఆయన తీసుకున్నారు. కూరలు కొనడం నేను తీసుకున్నాను. పూలకుండీలకు నీళ్లు పనమ్మాయి పోసేది. పేపరు మా పిల్లాడు ముందు పట్టుకెళ్లేవాడు. ఆమెకు మిగిలింది కుర్చీ, టీవీ.

ఎనిమిది నెలలు. ఎనిమిది నెలల్లో మనిషి మారిపోయారండీ. "ఇవాళ ఏ వారం అమ్మాయ్" అని పూటకు నాలుగు సార్లు అడిగేవారు. చెప్పిందే చెప్పేవారు. మనం ఒకటంటే ఆమె ఇంకోటి జవాబు చెప్పేవారు. నర్సుని కదా, నాకు తెలియాలి కదా? నేనూ "వయసు" అనుకున్నాను. ఆ ఒక్క మాటతో తలుపు మూసేశాను.

ఆ వేసవిలో ఆవకాయ పెట్టాలి. అంతకుముందెప్పుడూ నేను పెట్టలేదు, డ్యూటీకి వెళ్లేదాన్ని, ఆమే పెట్టేవారు. మార్కెట్‌ నుంచి కాయ తెచ్చి వంటింట్లో పోశాను. ఆమె కర్ర పొడుచుకుంటూ వచ్చారు, ఒక కాయ తీసి చేత్తో నొక్కారు, వాసన చూశారు. "ఇది ముదరలేదు. టెంక కట్టలేదు. ముక్కకు టెంక పట్టి ఉండకపోతే నెల తిరక్కుండా మెత్తబడిపోతుంది. తిరిగి ఇచ్చెయ్, జలాలు రకం కాయ తెప్పించు." వారం గుర్తుండని మనిషి! ఉప్పు ఎండబెట్టమన్నారు, ఆవాలు ఎంత ఎండలో ఉంచాలో చెప్పారు, కారం పాళ్లు నేను ఒక గిద్ద తక్కువ పోస్తే చూసి పట్టుకున్నారు. మూడు రోజులు ఆమె మాటా మనిషీ వేరు. ఆ మూడు రోజులూ ఒక్కసారి కూడా ఏ వారమని అడగలేదు. ఎందుకు అడుగుతారు? కాయ సోమవారం వచ్చింది, నూనె బుధవారం కలపాలి. వారం ఆమె చేతిలో ఉంది.

అప్పుడు నాకు బుద్ధి వచ్చింది. కానీ జాగ్రత్తగా వినండి, ఆవకాయ పెడితే మతిమరుపు పోతుందని నేను చెప్పటం లేదు. అలా ఎవరు చెప్పినా నమ్మకండి. ఆ మూడు రోజులు చూశాక, ఇది వయసు ఒక్కటే కాదని తెలిసి ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. రక్తపరీక్షలో విటమిన్ బి12 బాగా తక్కువ వచ్చింది. చెవి పరీక్షలో రెండు చెవులూ సగం వినబడటం లేదని తేలింది. మనం ఒకటంటే ఆమె ఇంకోటి ఎందుకు చెప్పేవారో అర్థమైందా? మాట వినబడటం లేదు. మేము మతిమరుపు అనుకున్నాం.

అందుకే ముందు వైద్యం సంగతి చెప్పేస్తాను, తర్వాత మిగతావి. పెద్దవాళ్లకు ఉన్నట్టుండి, అంటే ఒకటి రెండు రోజుల్లో, తికమక వచ్చిందనుకోండి. మనుషులను గుర్తుపట్టకపోవడం, పగలు మగతగా ఉండి రాత్రి కలవరించడం. అది వయసు కాదు. మూత్రంలో ఇన్ఫెక్షన్ కావచ్చు, ఒంట్లో సోడియం తగ్గి ఉండొచ్చు, కొత్తగా వేసిన నిద్రబిళ్ల కావచ్చు, పక్షవాతం కావచ్చు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. మెల్లగా నెలల తరబడి వచ్చిందా, థైరాయిడ్, బి12 చూపించండి, వేసుకుంటున్న మందులన్నీ ఒక సంచీలో వేసుకెళ్లి డాక్టరు ముందు పెట్టండి. డిప్రెషన్ కూడా అచ్చం మతిమరుపులాగే కనబడుతుంది. తోడు పోయిన మనిషి ఆరు నెలలుగా మాట్లాడటం తగ్గించేస్తే "మతి పోయింది" అని వదిలెయ్యకండి. ఇవన్నీ చూశాక కూడా డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు అనే తేలవచ్చు. మన దేశంలో 60 దాటినవాళ్లలో సుమారు 7.4 శాతం మందికి, అంటే 88 లక్షల మందికి ఆ జబ్బు ఉందని 2023లో వచ్చిన అంచనా. తక్కువ మంది కాదు.

ఇక చెవులు. లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల సంఘం 2024లో ఒక లెక్క చెప్పింది. మనం మార్చగలిగిన కారణాలు 14 ఉన్నాయి, వాటన్నిటినీ అదుపులో పెట్టగలిగితే ప్రపంచంలో డిమెన్షియా కేసుల్లో సుమారు 45 శాతం రాకుండా ఆపవచ్చు, లేదా వెనక్కి నెట్టవచ్చు అని. బీపీ, షుగరు, పొగ, కదలకుండా కూర్చోవడం, ఇవి మీకు తెలిసినవే. అందులో వినికిడి తగ్గడం ఉంది, చూపు తగ్గడం ఉంది, ఒంటరితనం ఉంది. ఈ మూడూ వేర్వేరు అనుకుంటున్నారా? వినబడని మనిషి ముందు పెళ్లిళ్లకు వెళ్లడం మానేస్తారు, తర్వాత అరుగు మీదకు రావడం మానేస్తారు, తర్వాత ఇంట్లో కూడా మాట్లాడటం మానేస్తారు. ఒకటి ఇంకోదాన్ని లాక్కొస్తుంది.

అమెరికాలో 70 నుంచి 84 ఏళ్ల వాళ్లు 977 మందిని తీసుకుని, సగం మందికి వినికిడి మిషన్లు ఇచ్చి మూడేళ్లు చూశారు. 2023లో ఫలితం వచ్చింది. ఉన్నది ఉన్నట్టు చెప్తాను. అందరినీ కలిపి చూస్తే పెద్ద తేడా లేదు. కానీ బీపీ, షుగరు లాంటివి ఉండి ముప్పు ఎక్కువగా ఉన్నవాళ్లలో మాత్రం, మిషన్ పెట్టుకున్నవాళ్లకు ఆలోచన శక్తి తగ్గే వేగం 48 శాతం తక్కువగా ఉంది. మన ఇళ్లల్లో బీపీ, షుగరు లేని పెద్దవాళ్లు ఎంతమందండీ? చేతులెత్తండి చూద్దాం. అదీ సంగతి.

మిషన్ కొని బీరువాలో పెట్టేవాళ్లు చాలామంది. "చెవిలో హోరుగా ఉంది" అని తీసేస్తారు. నిజంగానే హోరుగా ఉంటుంది. ఏళ్ల తరబడి వినని ఫ్యాను చప్పుడు, గిన్నెల చప్పుడు ఒక్కసారి మీద పడతాయి. మొదటి వారం గంట, తర్వాత రెండు గంటలు, అలా అలవాటు చెయ్యాలి. మా అత్తయ్యకు నెలన్నర పట్టింది.

సరే, చెవి బాగైంది, కళ్లకు శుక్లాల ఆపరేషన్ అయింది, బి12 సూది పడింది. ఇప్పుడు ఆ మనిషికి ఏం పని ఇస్తారు? ఇక్కడే అందరూ నన్ను అడుగుతారు, "సుడోకు ఆడించమంటారా, ఫోన్లో బ్రెయిన్ గేములు ఉన్నాయట కదా" అని. ఆడితే ఆడనివ్వండి, నష్టం లేదు. కానీ సుడోకు రోజూ చేస్తే ఎక్కువగా బాగుపడేది సుడోకే. గ్యాసు కట్టేయడం గుర్తుంచుకోవడానికి అది అంతగా పనికిరాదు. న్యూయార్క్‌లో 75 దాటిన 469 మందిని ఏళ్ల తరబడి గమనించి 2003లో ఒక అధ్యయనం వేశారు. చదివేవాళ్లు, బల్ల మీద ఆటలు ఆడేవాళ్లు, వాయిద్యం వాయించేవాళ్లు, డాన్సు చేసేవాళ్లు, వీళ్లల్లో డిమెన్షియా తక్కువగా కనబడింది. ఆడబట్టి బాగున్నారా, బాగుండబట్టి ఆడగలిగారా అనేది వేరే ప్రశ్న. కానీ ఆ జాబితా ఒకసారి మన వైపు తిప్పి చూడండి. బల్ల మీద ఆటలంటే మనకు అష్టాచెమ్మా లేదా? పులి-మేక లేదా? వామనగుంటల పీట అటక మీద లేదా? అటు ఏడు గుంటలు, ఇటు ఏడు గుంటలు, చింతగింజలు పంచుకుంటూ పోతే ఆఖరి గింజ ఎక్కడ పడుతుందో ముందే లెక్క కట్టాలి. పైగా ఒక్కరే ఆడే ఆట కాదు, ఎదురుగా ఇంకో మనిషి కూర్చోవాలి. నాకు దానిలో ముఖ్యంగా కనబడేది ఆ ఎదుటి మనిషే.

ఇంక వాయిద్యం సంగతి తెనాలిలో నేను చెప్పాలా? పద్యనాటకాలు చూస్తూ పెరిగిన ఊరు ఇది. మేము వెళ్లే ఒక ఇంట్లో పెద్దాయన, పొద్దున టిఫిన్ ఏం తిన్నారో పదింటికి గుర్తుండదు. కానీ మనవడు పద్యం ఎత్తుకుని ఒక పాదంలో మాట మార్చేస్తే, మంచం మీద నుంచే "కాదు" అంటారు. సరైన మాట చెప్తారు. రాగం పైకి తీస్తారు. పాత జ్ఞాపకం గట్టిది, కొత్తది నిలవదు, ఈ జబ్బు తీరే అంత. ఆ ఇంటివాళ్లు చేసిన మంచిపని ఏమిటంటే, ఆయన్ని ఊరికే పాడమని అడగకుండా, పిల్లాడికి నేర్పమన్నారు. పాడటం వేరు, నేర్పడం వేరు. నేర్పేటప్పుడు ఎదుటివాడు ఎక్కడ తప్పాడో వినాలి, ఆపాలి, మళ్లీ చెప్పాలి. వారానికి ఒక పద్యం. పిల్లాడికి ఇప్పుడు ఇరవై దాకా వచ్చాయి.

"మా అమ్మ చదువుకోలేదండీ, ఇవన్నీ చదువుకున్నవాళ్లకే కదా" అని ఎవరో ఒకరు అంటారు. కాదమ్మా. మన హైదరాబాదులోనే, నిమ్స్ ఆసుపత్రిలో, 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించారు, 2013లో ప్రచురించారు. ప్రపంచమంతా ఆ పేపరు గురించి మాట్లాడుకుంది. ఏం తేలిందంటే, రెండు భాషలు మాట్లాడేవాళ్లకు, ఒకే భాష మాట్లాడేవాళ్ల కంటే సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా జబ్బు మొదలైంది. నాలుగున్నర ఏళ్లు! అక్షరం రానివాళ్లలో కూడా ఆ తేడా కనబడింది. బజార్లో తెలుగు, పక్కింటివాళ్లతో ఉర్దూ, ఇలా ఒక భాష ఆపి ఇంకో భాష అందుకుంటూ బతికినవాళ్లు వాళ్లు. బడి లేకపోయినా బుర్రకు కసరత్తు జరిగింది.

ఇది విన్నాక నాకు ఒక తాతగారు గుర్తొచ్చారు. ఖరగ్‌పూర్ రైల్వేలో పనిచేసి వచ్చారు. అక్కడ మనవాళ్లు చాలామంది కదా. బెంగాలీ, హిందీ గడగడా మాట్లాడతారు. ఇక్కడికి వచ్చాక ఇరవై ఏళ్లుగా ఆ రెండు భాషల్లో ఆయనతో మాట్లాడినవాళ్లు లేరు. ఒకరోజు కోడలు బంగారం పని చేయించడానికి తీసుకెళ్తే, అక్కడ పనిచేసే కుర్రాళ్లు బెంగాల్ నుంచి వచ్చినవాళ్లు. ఈయన నోరు విప్పారు. గంటసేపు అక్కడి నుంచి బయటికి రాలేదట. ఇప్పుడు రోజు మార్చి రోజు సాయంత్రం వెళ్లి కూర్చుంటారు. ఆ కుర్రాళ్లకు ఇంటి మీద బెంగ, ఈయనకు మాట కావాలి. ఇంట్లో తెలుసుకోవాల్సిందల్లా ఒక్కటే, ఆయనకు బెంగాలీ వచ్చని. మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఏమేం వచ్చో మీకు తెలుసా? నిజంగా అడుగుతున్నాను, తెలుసా?

పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. మీ పిల్లలకు ఈ మాట చేరవెయ్యండి. వీడియో కాల్‌లో కూడా ఆ మూడు ప్రశ్నలే. తిన్నావా, మందు వేసుకున్నావా, పడుకున్నావా. రెండు నిమిషాల్లో అయిపోతుంది. తర్వాత ఇద్దరూ ముఖాలు చూసుకుంటూ ఉంటారు. ప్రశ్న మార్చండి నాన్నా. "అమ్మా, ముద్దపప్పు నాకు పలచనైపోతోంది, నువ్వు ఎన్ని నీళ్లు పోస్తావు?" అని స్టవ్ ముందు నిలబడి అడగండి. "నాన్నా, మన పొలం గట్టు తగాదా అప్పట్లో ఎలా తీర్చారు?" అని అడగండి. "ఇక్కడ ఇల్లు కొందామనుకుంటున్నాం, నువ్వైతే ఏం చూస్తావు?" అని అడగండి. జవాబు మీకు నిజంగా కావాలి. ఉత్తుత్తి ప్రశ్నలు పెద్దవాళ్లు ఇట్టే పసిగడతారు.

ఇంకో రకం ప్రశ్న ఉంది. అది మాత్రం దయచేసి మానండి. చుట్టాలు వస్తారు, మంచం పక్కన నిలబడి, గొంతు పెంచి, "పిన్నీ, నేనెవరో చెప్పు చూద్దాం? గుర్తుపట్టావా లేదా?" చుట్టూ పదిమంది. ఆమె చూస్తుంది. పేరు రాదు. అందరూ "అయ్యో" అంటారు. ఆమె ముందే అంటారు! ఆ ముఖంలో వచ్చే అవమానం నేను ఎన్నిసార్లు చూశానో చెప్పలేను. రెండోసారి చుట్టాలొస్తే ఆమె గోడ వైపు తిరిగి పడుకుంటుంది. మనం "ఎవరినీ గుర్తుపట్టడం లేదు" అంటాం. అలా పరీక్ష పెట్టకండి. ముందు మీరే చెప్పండి. "పిన్నీ, నేను రేపల్లె నుంచి వచ్చాను, మీ పెద్దక్క రెండో కొడుకుని. మా ఇంట్లో నువ్వు సున్నుండలు చేసి పెట్టేదానివి." ఆ సున్నుండ పట్టుకుని ఆమె మెల్లగా వస్తుంది. రాకపోయినా పరవాలేదు, పరువు దక్కుతుంది.

అలాగే డబ్బు. ఒకటో తారీఖున సచివాలయం వాళ్లు ఇంటికి వచ్చి వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలు చేతిలో పెడుతున్నారు కదా. ఎన్ని ఇళ్లల్లో ఆ నోట్లు ఆ చేతిలో పది నిమిషాలైనా ఉంటున్నాయి? లెక్కపెట్టుకోనివ్వండి. మనవరాలికి వంద ఇవ్వాలా, గుళ్లో వెయ్యాలా, మందులకు ఎంత పక్కన పెట్టాలా, ఆమెనే తేల్చుకోనివ్వండి. ఒక నెల వంద తక్కువ వస్తుంది, రానివ్వండి. మోసగాళ్ల ఫోన్లకు ఓటీపీ చెప్పకుండా చూసుకోవాలి, అది నిజం. దానికి కాపలా కాయండి, మొత్తం పెత్తనం లాక్కోకండి.

జబ్బు ముదిరినవాళ్ల గురించి ఒక్క మాట. అప్పుడు పని చిన్నదవుతుంది, అంతే. కందిపప్పులో రాళ్లు ఏరడం, పూలు కట్టడం, తువ్వాళ్లు మడతపెట్టడం. మా అత్తయ్య చివరి రెండేళ్లు వెల్లుల్లి ఒలిచేవారు. పొట్టు ఉండిపోయేది. ఒకరోజు ఆమె ముందే గిన్నె తీసుకుని నేను మళ్లీ ఒలవడం మొదలుపెట్టాను. తొందరలో ఉన్నాను, ఆలోచించలేదు. ఆమె ఏమీ అనలేదు. మర్నాడు వెల్లుల్లి ఇస్తే, "నాకెందుకులే, నువ్వే చేసుకో" అన్నారు. మళ్లీ ఆ గిన్నె ఆమె ఒళ్లోకి రావడానికి మూడు వారాలు పట్టింది. చెయ్యాలనుకుంటే లోపలికి తీసుకెళ్లి చేసుకోవాల్సింది. ఇప్పటికీ ఆ గిన్నె చూస్తే నాకు అదే గుర్తొస్తుంది.

చూసుకునేవాళ్లు అలిసిపోతారు. చాలా అలిసిపోతారు, అదీ తెలుసు. ఇది కోడళ్ల పని అని వదిలెయ్యకండి, కొడుకులూ కూర్చోండి. వామనగుంటలు ఆడటానికి కొడుకైతే ఏం? ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లు, ఇంట్లో ఇబ్బంది ఉన్నవాళ్లు 14567కు ఫోన్ చెయ్యొచ్చు, పెద్దవాళ్ల కోసం పెట్టిన ఉచిత నంబరు. మనసు బాగా లేకపోతే 14416. రాసుకోండి. మళ్లీ చెప్తున్నాను, 14567, 14416.

ఇంక నేను ఆపుతాను. రెండో వరసలో తెల్ల పంచె కట్టుకున్న తాతగారు ఇందాకటి నుంచి ఏదో చెప్పాలని చూస్తున్నారు. పద్యం సంగతి రాగానే పెదవులు కదిలాయి, నేను చూశాను. బాబూ, మైకు ఆయనకు ఇవ్వు. ఎడమ వైపు కాదు, ఆయనకు కుడి చెవి వినబడుతుంది, కుడి వైపు వెళ్లి నిలబడు. చెప్పండి తాతగారూ, ఏ పద్యం ఎత్తుకుంటారు?